ఓదార్పునకు లొంగని నవల

బిడ్డ పోయిన యింటికి వెళ్లి యేమి మాటాడవలయునో మనలో నెవరికిని తెలియదు. తెలియనప్పుడు ఊరకుండుట మేలని మాత్రము మనకు తోచదు. "వానికి మనతో ఋణమంతే" యని యొకరు, "మంచిబిడ్డ గనుకనే దేవుడు తీసికొనిపోయెను" అని వేఱొకరు, "ఏ జన్మమున నే తల్లి కడుపు కోసితిమో" యని యింకొకరు అనుచుందురు. అనువారు నిర్దయులు కారు. వారిలో ననేకులు కన్నీరు కార్చుచునే యందురు. వినుచున్న తల్లికి మాత్రము ఆ మూడవ మాటలో నొక తీర్పు వినబడును. బిడ్డ పోయిన దుఃఖము చాలక, ఆ బిడ్డ చావునకు తన పాపమే కారణమను నేరము గూడ ఆమె నెత్తి కెక్కును.

ఇట్టి యోదార్పులపై తిరుగబడిన యొక నవలను మేమీ మధ్య మఱల చదివితిమి. అమెరికా రచయిత పీటర్ డి వ్రీస్ 1961లో ప్రకటించిన 'ది బ్లడ్ ఆఫ్ ది లాంబ్' అనునది దాని పేరు. గొఱ్ఱెపిల్ల నెత్తురు అని యర్థము. లోకుల పాపములకై బలియైన యేసును క్రైస్తవులు దేవుని గొఱ్ఱెపిల్ల యందురు. ఈ కథలో బలియైనది ల్యూకీమియా యను రక్తపు కేన్సరు సోకిన యొక బాలిక. పేరు పెట్టుటలోనే రచయిత తన వ్యాజ్యమును దాఖలు చేసినాడు.

డి వ్రీస్ 1910లో షికాగో నగరమున, హాలండు నుండి వలసవచ్చిన కుటుంబమున పుట్టెను. వారు కాల్విను మతశాఖకు చెందిన కఠిననిష్ఠాపరులు. మానవుని గతి వాడు పుట్టుటకు ముందే దేవునిచే నిర్ణయింపబడినదని నమ్మువారు. మన తలవ్రాతకును వారి విశ్వాసమునకును అంత దూరము లేదు. పెద్దవాడై యాయన న్యూయార్కరు పత్రికలో పనిచేసి, హాస్యరచయితగా పేరు పొందెను. 1960లో ఆయన పదేండ్ల కూతురు ల్యూకీమియాతో చనిపోయెను. మఱుసటి యేడు ఈ నవల వెలువడెను. ఇంటి దుఃఖమును ఇంత త్వరగా అచ్చున కెక్కించుట తగునా యని యడుగువారుండవచ్చును. చదివిన పిమ్మట మాకా ప్రశ్న తోచలేదు.

కథానాయకుడు డాన్ వాండర్‌హోప్ తన కథను తానే చెప్పును. చిన్నతనమున అన్న చనిపోవును. తాను క్షయరోగియై శానటోరియమున చేరి, అచ్చట ప్రేమించిన యువతిని పోగొట్టుకొనును. తండ్రికి మతి చలించును. పెండ్లి కలహముగా మారి, భార్య ఆత్మహత్య చేసికొనును. ఇంత జరిగిన తరువాత గాని కూతురు కారల్ జబ్బు కథ మొదలు కాదు. అప్పటికి పుస్తకము సగము దాటును. ఈ పూర్వభాగము మాకంతగా రుచింపలేదు. చావులు వరుసగా వచ్చి పడుటచే ఒకదాని బరువును మఱియొకటి తగ్గించును. నవ్వించుటకై వ్రాసిన ఘట్టములు కొన్ని నవ్వింపవు. ఐనను ఈ నవ్వులాటకొక ప్రయోజనము కలదని, ఆసుపత్రి ప్రకరణములకు వచ్చిన తరువాత తెలిసికొంటిమి. జీవితమంతయు పరిహాసముతో నెట్టుకొనివచ్చిన మనుష్యునికి, పరిహాసమునకు లొంగని వస్తువు ఎదురైనప్పుడు ఏమగునో చూపుటకే ఆ నవ్వులన్నియు.

జబ్బు ప్రవేశించినది మొదలు రచయిత చేయి మారును. మొదట జ్వరము, నొప్పులు. ఊరి వైద్యుడు దానిని ఏదో యంటుజబ్బనుకొనును. పిమ్మట న్యూయార్కు ఆసుపత్రి. అచ్చట తండ్రి యొక క్రొత్తభాష నేర్చుకొనును. ఎముకలోని మూలుగను సూదితో తీసి పరీక్షించుట, అందు చెడుకణములు నూటికెన్ని యున్నవో లెక్కించుట, ఆ లెక్క తెలియువఱకు వసారాలో పచారు చేయుట ఇవే దినచర్య. లెక్క తగ్గిననాడు పండుగ. పెరిగిననాడు మఱియొక మందు. గది వాకిట ఏడ్చి, గుమ్మము దాటునప్పటికి నవ్వు తగిలించుకొను విద్యను తలిదండ్రులందఱును అభ్యసింతురు. ఇందులో ఎక్కడను అలంకారముల యార్భాటము లేదు. కేన్సరు వార్డు వసారాలో ఒక్క దినము గడపినవారు ఈ పుటలను చదివి, ఇది చూచి వ్రాసినది అని చెప్పగలరు.

ఆ వసారాలో స్టెయిన్ అను మఱియొక తండ్రి యున్నాడు. అతని కూతురికిని ఇదే జబ్బు. అతనికి దేవుని మాటయు గిట్టదు, శాస్త్రవిజ్ఞానము చెప్పు గొప్పలును గిట్టవు. వాండర్‌హోప్ ఏదైన నొక యాశను ఆనుకొనబోయినప్పుడెల్ల స్టెయిన్ దానిని లాగివేయును. అతని మాటలు ములుకులు. అయినను మంచిమాటలు చెప్పువారిని విడిచి, కథానాయకుడు పోయి పోయి ఆ ములుకుల మనిషి ప్రక్కననే కూర్చుండును. ఏలయనగా స్టెయిన్ అబద్ధమాడడు. అతని బిడ్డయు ఆ తలుపు వెనుకనే యున్నది. పుస్తకమంతటిలో మాకు మిక్కిలి నచ్చిన విషయమిది. దుఃఖించువానికి కావలసినది సమాధానము చెప్పువాడు కాడనియు, సమాధానము లేదని యెఱిగియు ప్రక్కను విడువనివాడనియు రచయిత ఉపన్యసింపక, ఇద్దఱు మగవారి ఎత్తిపొడుపు మాటలలో చూపినాడు.

ఇచ్చట తెలుగు పాఠకులకు చెప్పవలసిన సంగతి యొకటి కలదు. 1947కు ముందు ల్యూకీమియా సోకిన పిల్లలకు మందనునది లేదు. ఆ యేటి చివర బోస్టను నగరమున సిడ్నీ ఫార్బరు అను వైద్యుడు అమినాప్టెరిన్ అను మందును అట్టి పిల్లలకిచ్చి చూచెను. 16 మంది పిల్లలలో 10 మందికి కొంతకాలము వ్యాధి తగ్గుముఖము పట్టినదని 1948లో ప్రకటించెను. ఆ మందు తయారైనది లెడర్లీ ప్రయోగశాలలో. అచ్చటి పరిశోధనల కధిపతి మన భీమవరమున 1895లో పుట్టిన యెల్లాప్రగడ సుబ్బారావు. ఆయన యౌవనమున సోదరులను స్ప్రూ అను ప్రేగుల వ్యాధి బలిగొనెను. ఆ వ్యాధి చికిత్సకు పనికివచ్చు ఫోలికామ్లమును సంధానించినదియు ఆయన బృందమే. అమినాప్టెరిన్‌కు తోబుట్టువైన మెతోట్రెక్సేటు అచ్చటనే పుట్టి, నేటికిని పిల్లల ల్యూకీమియా చికిత్సలో వాడబడుచున్నది. ఫార్బరు ప్రకటన వెలువడిన కొలది వారములకే, 1948 ఆగస్టులో, సుబ్బారావు కన్నుమూసెను. సోదరుల చావును కర్మయని సరిపెట్టుకొనియుండినచో ఆయన ఏ ప్రయోగశాలకు పోయెడివాడని మేమొక్కొక్కప్పుడు తలపోయుదుము.

నవల నాటికి ఆ మందులు, వానితో చేరిన మఱి రెండు మూడును, జబ్బును వెనుకకు నెట్టగలిగినవే గాని వెళ్లగొట్టగలిగినవి కావు. పిల్ల లేచి తిరుగును, బడికి పోవును. తలిదండ్రులు మెల్లగా నమ్మనారంభింతురు. అంతలో మూలుగ లెక్క మఱల పెరుగును. ఈ గడువుల రాకపోకలే కథకు నడక. ఆసుపత్రి ప్రక్క నొక కాథలిక్కు దేవాలయము కలదు. అందు నిరాశులకు దిక్కని పేరు పొందిన సెయింట్ జూడ్ ప్రతిమ. ప్రొటెస్టంటు ఇంట పుట్టి, సంశయవాదిగా పెరిగిన వాండర్‌హోప్ ఒకనాడచ్చట మోకరించి, ఒక్క యేడాది యిమ్మని వేడుకొనును. నూఱేండ్లాయువు నడుగలేదు, ఏడాది యడిగెను. నాటి వైద్యము ఈయగలిగినదియు ఇంచుమించుగా నంతే. నమ్మకము చాలని భక్తుడును, బలము చాలని మందును ఒకే కొలతకు దిగివచ్చిన ఈ ఘట్టము మమ్ము పుస్తకము మూయించి కొంతసేపు ఊరక కూర్చుండబెట్టినది.

ఆ వేడుకోలు ఫలించినట్లే యుండును. మూలుగ దాదాపు బాగుపడినదని వార్త వచ్చును. తండ్రి సంబరముతో కేకు పట్టుకొని ఆసుపత్రికి వచ్చుచు, దారిలో దేవాలయమున ఆగును. అచ్చటనే తెలియును, పిల్లల వార్డులో వేఱొక యంటు వ్యాపించినదని. మందులచే బలహీనమైన దేహము దానికి ఆగలేదు. ల్యూకీమియా తగ్గిన వేళ, ల్యూకీమియా కాని దానితో, ఆ సాయంకాలము లోపలనే కారల్ చనిపోవును. పిమ్మట త్రాగి తూలుచు వచ్చిన తండ్రి, దేవాలయములో మఱచిన కేకును తెచ్చి, వాకిటి శిలువపైనున్న క్రీస్తు ముఖము మీదికి విసరికొట్టును. ఆ విగ్రహము తన చేతులను మేకులనుండి మెల్లగా విడిపించుకొని, కన్నులపై పడిన తీపిని తుడిచికొన్నట్లు అతనికి కనబడును.

ఇది దైవదూషణమని కొట్టివేయుట సులభము. మేమట్లు తలపము. చెఱసాలలో కూర్చుండి రాముని నిలదీసి తిట్టిన రామదాసును మనము భక్తుడనియే యందుము. ఎదుట ఎవడును లేడని నిశ్చయించుకొన్నవాడు ఎవని మీదను విసరడు. పైగా ముఖము మీద కేకు కొట్టుట అమెరికా హాస్యచిత్రములలో వాడి వాడి అరిగిపోయిన నవ్వులాట. హాస్యరచయిత తన చేతనున్న అతిచౌకబారు వేళాకోళమును తెచ్చి, తన దుఃఖము యొక్క శిఖరమున నిలిపినాడు. అది నవ్వును పుట్టింపలేదు, ఏడ్పును పుట్టింపలేదు, మఱియొకటేదో పుట్టించినది.

కారల్ మఱల లేవదు. ఇదియొక చెప్పవలసిన మాటయా యని మీరనవచ్చును. మన కథలలో చచ్చిన బిడ్డ లేచును. శ్మశానమున లోహితాస్యుడు లేచి కూర్చుండును. శ్రీనాథుని హరవిలాసమున సిరియాళుడు తల్లి పిలువగానే పరుగెత్తివచ్చును. మార్కండేయుని మెడకు పడిన పాశమే తెగిపోవును. ఈ కథలను విని పెరిగిన మనకు, బిడ్డ లేవకపోయినచో తలిదండ్రుల సత్యమునందో భక్తియందో లోపమున్నదని తెలియకుండనే తోచును. లేవని బిడ్డ కథ మనకొక్కటి కలదు, కిసాగోతమిది. చనిపోయిన బిడ్డను భుజాన వేసికొని వచ్చిన యా తల్లికి బుద్ధుడు కర్మసిద్ధాంతము బోధింపలేదు. చావు ఎఱుగని యింటినుండి ఆవాలు తెమ్మని పంపెను. ఆమె ఇల్లిల్లు తిరిగి తెచ్చుకొన్నది ఆవాలు కాదు, తనవంటివారి పరిచయము. వాండర్‌హోప్ ఆసుపత్రి వసారాలో తెచ్చుకొన్నదియు అదియే.

ఇంక పుస్తకములో మన గృహములకు మిక్కిలి దగ్గఱగా వచ్చు ఘట్టము చివరిది. నెలలు గడచిన తరువాత తండ్రి ఇంటిలోనున్న శబ్దగ్రాహక యంత్రమును త్రిప్పగా, అందు కారల్ తన కొఱకు వదలిపోయిన మాటలు వినబడును. అతడు వెనుకటి దినములలో తన కళాశాల పత్రికకై, మతము చెప్పు ఓదార్పులు లేకయే మనిషి బ్రతుక నేర్వవలెనను భావముతో వ్రాసిన యొక ప్రకటనను ఆ పిల్ల ఎచ్చటనో కనుగొని, దానిని చదివి వినిపించి, అది తనకు సాయపడినదని చెప్పును. అనగా తన జబ్బేమో, తన గతి యేమో ఆ బాలికకు మొదటినుండియు తెలియును. తెలియదని తండ్రియు, తెలిసినట్లు తండ్రికి తెలియరాదని బిడ్డయు, ఒకరినొకరు కాపాడుకొనుచు, ఒకే గదిలో వేఱువేఱుగ ఒంటరులై గడపిరన్నమాట.

మన యిండ్లలో ఈ నాటకము నిత్యము ఆడబడుచున్నది. కేన్సరను మాట పిల్ల చెవిని పడరాదని ఇల్లంతయు కట్టుదిట్టము చేయుదుము. బంధువులకు "ఏదో రక్తము తక్కువట" అని చెప్పుదుము. చెప్పినచో రేపు ఇంటనున్న పెద్దపిల్లకు సంబంధము రాదేమో యని భయము. ఈ జబ్బు అంటునది కాదు, పిల్లలలో వచ్చునది చాలవఱకు వంశమున దిగునదియు కాదు, అయినను భయము. మంచము మీద పడియున్న పిల్లకు మాత్రము తల్లి కన్నులే పాఠ్యపుస్తకము, అన్నియు చదువుకొనును. పెద్దలకు కష్టము కలుగునని అడుగకుండును. ఎంత చెప్పవలెను, ఏ యీడున చెప్పవలెను అన్నది వైద్యునితో కలిసి ఆలోచింపవలసిన విషయమే. డి వ్రీస్ దానికి సూత్రమేదియు చెప్పలేదు. ఆ యంత్రములోని గొంతు విన్నతరువాత ఏ తండ్రియు, తన బిడ్డకేమియు తెలియదని నిశ్చింతగా నుండలేడు.

ఇంత మెచ్చుకొన్న పుస్తకమున మాకు సహింపరాని లోపము, తల్లి లేకుండుట. జబ్బు రాకముందే రచయిత ఆమెను కథనుండి తప్పించినాడు. అందుచే దుఃఖమంతయు ఒక మగవాని సొత్తైనది. దేవునితో వాదము పెట్టుకొనుటకు అతనికి తీరిక దొరకినది. నిజమైన యింట వాదమునకు ముందు వాంతి గిన్నె కడుగువారుండవలెను. రాత్రి మూడు గంటలకు మందు పోయువారుండవలెను. మొగుడుపెండ్లాలలో ఒకరు ఆశపడిననాడు ఒకరు నిరాశపడుదురు; ఆ తారతమ్యమే వారిని విడదీయవచ్చును, కట్టివేయవచ్చును. ఈ భాగమంతయు నవలలో ఖాళీ. తోబుట్టువులు లేకుండుటయు అట్టిదే.

ఆ ఖాళీని పూరించు వ్యాసమొకటి ఏబది యేండ్లకు అదే షికాగోనుండి వచ్చినది. సరయేవో నగరమున 1964లో పుట్టి, 1992లో స్వదేశమున యుద్ధము రాగా అమెరికాలో నిలిచిపోయిన అలెగ్జాండర్ హెమన్ 2011లో 'ది అక్వేరియం' అను పేర దానిని ప్రకటించెను. 2013లో అది ఆయన వ్యాససంపుటిలో చేరినది. ఆయన రెండవ కూతురికి తొమ్మిదవ నెలలో, 2010 జూలైలో, మెదడున మిక్కిలి అరుదైన కేన్సరు కనబడెను. నవంబరు 1వ తేదీని ఆ శిశువు కన్నుమూసెను. తామొక గాజుతొట్టిలో నున్నట్లును, లోకము బయటనుండి తమను చూచుచున్నట్లును తోచినదని ఆయన వ్రాయును. పేరు అందుండి వచ్చినది. దుఃఖము మనుష్యుని ఉదాత్తుని చేయునను మాటను ఆయన డి వ్రీస్ కంటెను కటువుగా త్రోసిపుచ్చును. బిడ్డ పడిన బాధ వలన ఆ బిడ్డకు గాని మఱియెవరికిగాని ఒరిగినదేమియు లేదనును.

మమ్ము ఆ వ్యాసమున పట్టి నిలిపినది అది కాదు, పెద్దకూతురి సంగతి. అప్పటికి మూడేండ్లయిన నిండని ఆ పిల్ల, చెల్లెలు ఆసుపత్రిలోనున్న దినములలో, మింగస్ అను లేని తమ్ముని కల్పించుకొనును. వానికి జబ్బులు వచ్చును, తగ్గును. వానికొక యిల్లు, వానికొక సంసారము. ఇంటిలో జరుగుచున్న మహాభయమును ఆ పసిది తనకు తెలిసిన రెండు మూడు వందల మాటలలో ఇట్లు సర్దుకొన్నది. తండ్రి రచయిత గనుక, కథలల్లుట తన వృత్తి మాత్రమే కాదని ఆ పిల్లను చూచి తెలిసికొనును. మేమెఱిగిన యొక యింట చిన్నవానికి జబ్బు ముదిరిననాడు ఆరేండ్ల అక్కను అమ్మమ్మగారి ఊరు పంపివేసిరి. కర్మలన్నియు ముగిసిన పిదప తీసికొనివచ్చిరి. తమ్ముడు లేడు, వాని చొక్కాలు లేవు, గోడమీది పటము లేదు. ఎవరును ఏమియు చెప్పలేదు. చాల దినములు ఆ పిల్ల తనను ఊరు పంపినందుననే తమ్ముడు పోయినాడని తలచినదట. పెద్దయైన పిమ్మట ఆమె తల్లితో ఈ మాట చెప్పినది. తల్లికి అదియొక రెండవ చావు.

డి వ్రీస్ నవలకు కాలము చేసిన వ్యాఖ్య యొకటి యున్నది. కథలో తండ్రి ఏ సెయింట్ జూడ్ ముందు మోకరించెనో, ఆ పేరనే 1962లో, అనగా పుస్తకము వచ్చిన మఱుసటి యేడు, మెంఫిస్ నగరమున పిల్లల పరిశోధనాసుపత్రి యొకటి తెఱవబడినది. మందులను ఒకదాని తరువాత నొకటి కాక, కలిపి, మెదడుకు వెన్నుకు గూడ చికిత్స చేర్చి, ఏండ్ల తరబడి నడుపు పద్ధతిని అచ్చట రూపొందించిరి. 1970 ప్రాంతమునకు ల్యూకీమియా పిల్లలలో సగముమంది బ్రదుకసాగిరి. నేడు సంపన్నదేశములలో ఆ జబ్బున నూటికి తొంబదిమంది వఱకు బ్రదుకుచున్నారు. కారల్ నేడు పుట్టి, తగిన చోట పుట్టియుండినచో పెండ్లికూతురై యుండెడిది. తగిన చోటనుమాట తేలికగా అన్నది కాదు. ప్రపంచ ఆరోగ్యసంస్థ లెక్కలో ఏటేట దాదాపు 4 లక్షలమంది పిల్లలకు, కౌమారమునందున్నవారికి కేన్సరు వచ్చుచున్నది. సంపన్నదేశములలో నూటికి 80 మందికి పైగా నయమగుచుండగా, బీదవియు నడిమి స్థితివియునగు దేశములు పెక్కింట 30 మందికైన నయమగుట లేదు. ఆలస్యముగా గుర్తించుట, మందు దొరకకుండుట, జ్వరము తగ్గగానే బాగైనదని చికిత్స నడుమ మానివేయుట, పొలమమ్మిన డబ్బు అయిపోవుట అను నివి ఆ తేడాకు కారణములు. వీనిలో పూర్వజన్మము లేదు. "తలవ్రాత" యని మనమోదార్చునప్పుడు ఆ తల్లిని నొప్పించుటయే గాక, అడుగవలసిన ప్రశ్నను గూడ ఆమెతోపాటు మనమును మఱచిపోవుచున్నాము.

ఈ నవలను తెలుగు చేయుదమా యని మిత్రుడొకరు మమ్మడిగిరి. హాస్యము తెలుగున నిలుచుట కష్టము. అందులోని క్రైస్తవ సంప్రదాయపు విసురులకు అడుగడుగున వివరణ కావలెను. అన్నిటికంటె చిక్కు చివరిపుటలో నున్నది. అచ్చటి ప్రొటెస్టంటు సభలలో పశ్చాత్తాపము చెందినవారు వచ్చి కూర్చుండుటకు ముందువరుసలో నొక బల్ల యుండును. డి వ్రీస్ దానిని తీసికొని, బిడ్డలను పోగొట్టుకొన్నవారందఱును చేయి చేయి పట్టుకొని, ఏ భ్రమయు లేక కూర్చుండు పొడవైన యాసనముగా మార్చినాడు. దానికి బల్ల యన్న చాలదు, పీట యన్న చాలదు. చాలసేపు తడవికొన్నపిమ్మట మాకు మన ఊళ్లలో పరామర్శకు పోయినవారి నడవడి తలపునకు వచ్చినది. మగవారు వచ్చి వీథి అరుగు మీద ఆ తండ్రి ప్రక్కను కూర్చుండెడివారు. ఆడువారు లోపల తల్లి ప్రక్కను చతికిలబడెడివారు. కొంతసేపైన తరువాత లేచి, పోయివత్తుమని గూడ చెప్పకుండ వెడలిపోయెడివారు. ఆ యింట ఆ మాట అనరాదు. ఆ బల్లకు మేము అరుగు అని వ్రాసితిమి.